మాయాబందరుకు వారంటీ ఎంత దూరం?

రాత్రి నిలిపిన కారును పొద్దున్నే ముందుకు తీస్తే నేల మీద రూపాయి బిళ్ళంత నల్లటి మరక. విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న మనిషికి ఇది పెద్ద సంగతి కాదు. కంపెనీ వర్క్‌షాపుకు ఫోన్ చేస్తాడు, బండి అప్పగించి పనికి పోతాడు, మర్నాటికో ఆ మర్నాటికో తెచ్చుకుంటాడు. వారంటీలో ఉన్న బండి అయితే జేబులోంచి డబ్బు తీయనక్కర్లేదు. అదే మరక మాయాబందరులో కనబడితే కథ వేరు.

మాయాబందరు ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు కేంద్రం. అక్కడినుంచి దీవుల రాజధానికి రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న ఆ రాజధానినే 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. కార్ల కంపెనీల అధీకృత వర్క్‌షాపులు దాదాపు అన్నీ అక్కడే. ఈ 240 కిలోమీటర్లు మన కోస్తా హైవే మీద మూడు నాలుగు గంటల ప్రయాణం. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మాత్రం పగలంతా పడుతుంది. రంగత్, కదంతల దాటి, హంఫ్రీ జలసంధి మీద కట్టిన ఆజాద్ హింద్ ఫౌజ్ సేతువు ఎక్కి బారాటాంగ్ దీవికి చేరాలి. మిడిల్ స్ట్రైట్ దగ్గర బండిని ఫెర్రీ ఎక్కించి నీళ్ళు దాటాలి. ఆపైన జారవా గిరిజనుల రక్షిత అడవిలోంచి జిర్కాటాంగ్ దాకా సుమారు 50 కిలోమీటర్లు కాన్వాయ్‌లోనే వెళ్ళాలి. కాన్వాయ్ నిర్ణీత వేళలకే కదులుతుంది, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు, దారిలో ఎక్కడా ఆగకూడదు. జారవాల మేలు కోరి పెట్టిన ఈ నియమాలు న్యాయమైనవే. కానీ ఆయిల్ కారుతున్న బండితో ఈ దారి పట్టిన మనిషి అవస్థ కూడా నిజమే.

ఈ అవస్థ పడేవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు పదమూడు మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇవాళ జీపులు, ఆటోలు, వ్యాన్లు నడుపుతున్నారు. అప్పు చేసి కొన్న కొత్త బండి వాళ్ళకు ఇంటి ఆదాయం. దానికి కంపెనీ రాసిచ్చిన వారంటీ పుస్తకం అవసరానికి ఉపయోగపడుతుందా లేదా అన్నదే ఈ ప్రసంగం విషయం.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఇంజను నడుస్తున్నంతసేపూ సెకనుకు ఒక్క చుక్క కారుతోందనుకోండి. మాయాబందరు నుంచి రాజధానికి ఇంజను ఎనిమిది గంటలు నడిస్తే 28,800 చుక్కలు. ముప్పై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకున్నా 960 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు కాస్త తక్కువ. చిన్న పెట్రోలు కారు ఇంజనులో పట్టే ఆయిల్ మొత్తం మూడు నాలుగు లీటర్లే. ఆయిల్ గేజి మీద ఉండే పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా చాలా కార్లలో ఒక లీటరే. అంటే పై గీత దాకా ఆయిల్ పోసుకుని బయల్దేరిన బండి, వర్క్‌షాపు గుమ్మం తొక్కేసరికి కింది గీతకు దిగుతుంది. పై గీత దాకా పోసుకోకుండా బయల్దేరితే అంతదూరం కూడా రాదు.

డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా బొమ్మను నమ్ముకోవడం ఇక్కడ ప్రమాదం. ఆయిల్ తగ్గుతోందని ముందే చెప్పే దీపం కాదది. పంపు నుంచి బేరింగులకు ఒత్తిడితో వెళ్ళాల్సిన ఆయిల్ వెళ్ళడం ఆగిపోయినప్పుడు వెలుగుతుంది. వెలిగిన క్షణంలో ఇంజను ఆపేయాలి. జారవా అడవిలో, వెనకా ముందూ కాన్వాయ్ బండ్లు ఉండగా ఆపడం ఎవరికీ క్షేమం కాదు. అందుకని ఫెర్రీ కోసం బారాటాంగ్‌లో ఆగినప్పుడే, చదునైన చోట బండి నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషాలకు గేజి తీసి తుడిచి మళ్ళీ ముంచి చూసుకోవాలి. ఒక లీటరు అదే రకం ఆయిల్ డిక్కీలో ఉండాలి. దాని రకం, గ్రేడు వారంటీ పుస్తకంలో రాసి ఉంటాయి. ఏ ఆయిల్ దొరికితే అది పోస్తే తర్వాత కంపెనీ పట్టుకునే మొదటి సాకు అదే అవుతుంది. ఎక్కువ పోసినా ముప్పే. పై గీత దాటిన ఆయిల్ లోపల ఒత్తిడి పెంచి బాగున్న సీళ్ళలోంచి కూడా బయటికి తోసుకువస్తుంది.

మరక కనబడగానే అది ఇంజను ఆయిలే అని తేల్చుకోవాలి. ఏసీ నుంచి కారేది ఉత్త నీళ్ళు, దానితో భయం లేదు. కూలెంటు పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటుంది. పవర్ స్టీరింగుదీ ఆటోమేటిక్ గేరు పెట్టెదీ సాధారణంగా ఎర్రగా ఉంటుంది. ఇంజను ఆయిల్ కొత్తలో తేనెరంగు, పాతబడితే నలుపు. చక్రం లోపలి వైపున తడి కనబడితే అది బ్రేకు ఫ్లూయిడ్ కావచ్చు. అప్పుడు బండి అసలు కదపకూడదు. తెల్లని అట్టముక్క ఒకటి రాత్రి బండి కింద పరిస్తే పొద్దున్నకు రంగూ, చోటూ రెండూ తెలుస్తాయి. ఆ అట్టముక్కను పారేయకుండా దాని పక్కన ఆనాటి తేదీ రాసి ఫోటో తీసుకుంటే, తర్వాత అదే మొదటి సాక్ష్యం అవుతుంది.

చుక్క పడిన చోటుకు సరిగ్గా పైన లోపం ఉంటుందనుకోవడం పొరపాటు. వాల్వ్ కవర్ ప్యాకింగు దగ్గర బయల్దేరిన ఆయిల్ ఇంజను గోడ వెంట కిందికి జారి, గాలికి వెనక్కి కొట్టుకుపోయి, ఆయిల్ చాంబరు మూల నుంచి కారుతుంది. చూసినవాళ్ళు చాంబరు ప్యాకింగు మారుస్తారు. వారం తిరగకుండా మళ్ళీ మరక. ఫిల్టరు రింగు, డ్రెయిన్ బోల్టు వాషరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్చి, టర్బోకు వెళ్ళే గొట్టాలు, క్రాంక్ షాఫ్టుకు ముందూ వెనకా ఉండే ఆయిల్ సీళ్ళు, ఇవన్నీ అనుమానితులే. ఒక్కోసారి సీలు బాగానే ఉంటుంది. ఇంజను లోపలి ఆవిర్లు బయటికి పోయే వాల్వు పూడుకుపోయి, ఒత్తిడి పెరిగి సీలును దాటుకుని ఆయిల్ వస్తుంది. సీలు మార్చినా ఆ వాల్వు చూడకపోతే పని తిరగబెడుతుంది. సరైన పద్ధతి ఒక్కటే. ఇంజను కడిగి, ఆరబెట్టి, కాసేపు నడిపి, పైనుంచి కిందికి వెతకాలి. ఆయిల్‌లో ప్రత్యేకమైన రంగు కలిపి అతినీలలోహిత కాంతి దీపంతో చూస్తే అసలు చోటు మెరుస్తూ కనబడుతుంది. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే దీవుల్లో, రోడ్డు మీది నీళ్ళూ బురదా ఇంజను కింది భాగాన్ని కడిగేస్తూ ఉంటే, ఈ వెతుకులాట వర్క్‌షాపులో తీరికగా చేయాల్సిన పని. పైపైన చూసి చెప్పే మాట నమ్మదగింది కాదు.

బండి ఆయిల్ కారడం సహజమేనని ఒప్పుకున్న కాలం ఒకటుంది. పాత బుల్లెట్టు మోటారు సైకిలు నడిపినవాళ్ళ ఇళ్ళ ముందు నల్లటి మరక శాశ్వతంగా ఉండేది. 1955లో మద్రాసులో బుల్లెట్టు తయారీ మొదలుపెట్టిన కంపెనీ దశాబ్దాల పాటు దాదాపు అదే ఇంగ్లీషు ఇంజనును కొనసాగించింది. ఆ కాలపు ఇంగ్లీషు ఇంజన్లలో చాలావాటి క్రాంక్ కేసు రెండు నిలువు ముక్కలుగా ఉండేది, అతుకు ఆయిల్ నిలిచే చోటు గుండానే పోయేది. 1969లో హోండా కంపెనీ తెచ్చిన సీబీ 750లో ఆ అతుకు అడ్డంగా ఉండేది. ఆయిల్ కారడం యంత్రం స్వభావం కాదనీ, తయారీలో తీర్చగలిగిన లోపమనీ ఆ బండితో ప్రపంచానికంతటికీ తెలిసింది. ఇవాళ రెండేళ్ళు నిండని కారు కింద మరక పడితే సర్దుకుపోవాల్సిన అవసరం కొన్నవాడికి లేదు.

అయినా సర్దుకుపొమ్మనే మాటే ముందు వినిపిస్తుంది. "ఏం కాదన్నా, చెమ్మే. ఇంకో రెండు నెలలు చూద్దాం" అంటాడు సర్వీసు కౌంటరులో కుర్రాడు. ఆ చెమ్మ మాట వెనక ఒక నిబంధన ఉంది. బండి నాణ్యతకూ పనితనానికీ అడ్డురాని స్వల్పమైన ఆయిల్ చెమ్మ వారంటీ కిందికి రాదని చాలా పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఏది చెమ్మ, ఏది కారుడు అన్నది తేల్చేది కంపెనీ మనిషే. ఊళ్ళోనే వర్క్‌షాపు ఉంటే రెండు నెలలు ఆగి మళ్ళీ చూపించడం కష్టం కాదు. మాయాబందరు డ్రైవరుకు ఆ "రెండు నెలలు చూద్దాం" అన్న మాట రానూపోనూ 480 కిలోమీటర్లు, కనీసం రెండు రోజుల సంపాదన. పైగా ఆ రెండు నెలల్లో వారంటీ గడువు దాటిపోవచ్చు.

వర్క్‌షాపులు ఎందుకు వాయిదా వేస్తాయో కూడా చెప్పుకోవాలి. వారంటీ పనికి డబ్బు ఇచ్చేది కంపెనీ. ఏ పనికి ఎన్ని గంటలు అన్నది కంపెనీయే ముందుగా నిర్ణయిస్తుంది, ఆ లెక్కకే చెల్లిస్తుంది. క్రాంక్ షాఫ్టు వెనక సీలు చూడటానికి చిన్న రబ్బరు రింగు, ధర కూడా తక్కువే. కానీ దాన్ని చేరాలంటే గేరు పెట్టె దించాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీల్ తీయాలి. ఒక మెకానిక్కుకు రోజంతా పని. అదే రోజు డబ్బులిచ్చే నాలుగు బండ్లకు సర్వీసు చేస్తే వర్క్‌షాపుకు ఆదాయం ఎక్కువ. వారంటీ కావాలని వచ్చినవాడు వెనక వరసలోకి జరగడానికి ఇదొక కారణం. విడిభాగం స్టాకులో లేకపోతే చెన్నై నుంచో కోల్‌కతా నుంచో రావాలి. చెన్నై నుంచి ఓడకు సుమారు 1,190 కిలోమీటర్లు, కోల్‌కతా నుంచి 1,255 కిలోమీటర్లు, రెండింటికీ రెండు మూడు రోజుల ప్రయాణం. ఓడ బయల్దేరే తేదీ కోసం ఎదురుచూపు అదనం.

ఈ దూరం బరువు ఎవరు మోయాలి? ఈ ప్రశ్న ఎప్పుడో కోర్టుకెక్కింది. 1955 మే నెలలో అమెరికాలోని న్యూజెర్సీలో క్లాస్ హెన్నింగ్‌సన్ అనే ఆయన, మాతృ దినోత్సవం కానుకగా భార్య హెలెన్ కోసం కొత్త ప్లిమత్ కారు కొన్నాడు. కారు 468 మైళ్ళు తిరిగేసరికి, ఆమె నడుపుతుండగా స్టీరింగు దెబ్బతిని కారు గోడకు గుద్దుకుంది. అప్పటి కార్ల కంపెనీలన్నీ కూడబలుక్కుని వాడిన వారంటీ 90 రోజులు లేదా 4,000 మైళ్ళు. అందులో ఒక షరతు ఉంది. చెడిపోయిన భాగాన్ని కొన్నవాడు తన ఖర్చుతో ఫ్యాక్టరీకి పంపాలి, అది లోపభూయిష్టమని ఫ్యాక్టరీవాళ్ళు తృప్తిపడితేనే మారుస్తారు. 1960 మే 9న న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ వారంటీ భరోసా నిజమైన భరోసా కాదని తేల్చింది. అచ్చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన కంపెనీ తన బాధ్యత నుంచి తప్పించుకోలేదని చెప్పింది. ప్రపంచమంతా వినియోగదారుల చట్టాలకు దారి చూపిన తీర్పుల్లో అదొకటి. కొన్నవాడే తన ఖర్చుతో చెడిపోయినదాన్ని మోసుకుపోవాలన్న షరతు న్యాయం కాదని ఆనాడే ఒక కోర్టుకు తోచింది. మాయాబందరు విషయంలో అదే షరతు, కాగితం మీద రాయకుండానే, అమల్లో ఉంది.

మన దేశంలోనూ ఒక పెద్ద ఉత్తర్వు వచ్చింది. షంషేర్ కటారియా అనే ఆయన కార్ల విడిభాగాలు బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు 2011లో ఫిర్యాదు చేశారు. మూడు కంపెనీలతో మొదలైన విచారణ పెరిగి, 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు అందుబాటులో ఉంచాలంది. ఆ ఉత్తర్వులో మాయాబందరు వాసికి పనికొచ్చే వాక్యం ఇంకొకటుంది. బయటి మెకానిక్కు చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేయకూడదు. ఆ మెకానిక్కు తప్పుడు పని వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ తగ్గించవచ్చు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్ళాయి, కొన్ని హైకోర్టుల తలుపు తట్టాయి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్, అప్పీలు చేసిన మూడు కంపెనీలు తప్పు చేశాయన్న నిర్ణయాన్ని సమర్థిస్తూనే జరిమానా లెక్కగట్టే పద్ధతిని మార్చింది. కనుక దీన్ని కదలని రాయిలా చూపించలేం గానీ, కౌంటరులో "బయట చేయించారు, ఇక వారంటీ లేదు" అన్న మాట వినబడినప్పుడు నిలబడి అడగడానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఇంచుమించు ఇదే మాట చెబుతోంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరుతో పోర్టల్ తెరిచి, అందులో వాహనాల రంగాన్ని చేర్చింది.

అలాగని ఊళ్ళో షెడ్డులో ఏది చేసినా చెల్లుతుందని కాదు. ఆయిల్ గేజి చూడటం, అదే గ్రేడు ఆయిల్ కలపడం, వదులైన డ్రెయిన్ బోల్టు బిగించడం, బిల్లు తీసుకోవడం, ఇంతవరకు భయం లేదు. కారుతున్న చోట సిలికాన్ పేస్టు మెత్తడం మాత్రం రెండు విధాల నష్టం. లోపలికి పొంగిన పేస్టు ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి. పైకి కనిపించే పేస్టు కంపెనీ చేతికి తిరస్కరించే ఆయుధం ఇస్తుంది. దారి దాటడానికి వేరే గతి లేక పూయాల్సి వస్తే, పూయకముందు కారుతున్న చోటు ఫోటో, వీడియో తీసి, ఫలానా కారణంతో తాత్కాలికంగా పూస్తున్నామని కంపెనీకి ముందే రాసి ఉంచాలి.

రాసి ఉంచడం అన్నదే మొత్తం వ్యవహారంలో ఆయువుపట్టు. వర్క్‌షాపుకు వెళ్ళినప్పుడు జాబ్ కార్డు మీద ఫిర్యాదు యజమాని చెప్పిన మాటల్లోనే రాయించుకోవాలి. "జనరల్ చెకప్" అని రాస్తే అది ఫిర్యాదు కాదు. "ఇంజను కింద ఆయిల్ కారుతోంది, రాత్రికి ఇంత మరక పడుతోంది" అని ఉండాలి. తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, సలహాదారు సంతకం ఉండాలి. కాపీ లేకుండా గుమ్మం దాటకూడదు. చూసి ఏమీ లేదన్నా ఆ మాట కూడా రాసిమ్మనాలి. మొదటి ఫిర్యాదు గడువు లోపల నమోదైతే, విడిభాగం ఓడలో వచ్చేలోగా గడువు దాటినా వాదనకు బలం ఉంటుంది. నోటితో చెప్పిన ఫిర్యాదుకు ఆ బలం లేదు. రాజధానికి వెళ్ళకముందే ఈమెయిల్ రాస్తే ఇంకా మేలు. మాయాబందరులో బండి ఉంది, ఫలానా తేదీన మరక కనబడింది, ఫోటోలు జతచేశాం, విడిభాగం తెప్పించి ఉంచి ఏ రోజు రావాలో చెప్పండి, దారిలో బండి ఆగితే తీసుకెళ్ళే ఏర్పాటు ఏమిటో తెలపండి. ఈ నాలుగు వాక్యాలు ఒక ప్రయాణాన్ని మిగులుస్తాయి.

ఇక ఈ దీవుల్లో ప్రత్యేకంగా ఎదురయ్యే వాదనలు రెండు. మొదటిది, "కింద రాయి తగిలింది." రోడ్డు వెడల్పు పనులు సాగిన చోట కంకర మీద నడిచిన బండి చాంబరుకు దెబ్బ తగలడం అరుదు కాదు. నిజంగా తగిలితే అది వారంటీ కాదు, బీమా. అక్కడ ఒక మెలిక ఉంది. చాంబరు పగిలిన నష్టం మామూలు బీమాలో వస్తుంది. పగిలాక కూడా నడిపి ఇంజను పట్టేస్తే, ఆ తర్వాతి నష్టాన్ని మామూలు పాలసీ ఒప్పుకోదు. ఇంజను రక్షణకు అదనపు ప్రీమియం కట్టి తీసుకునే రక్షణ వేరే ఉంటుంది. మాయాబందరులో కారు నడిపేవాళ్ళు ఆ అదనపు రక్షణ తీసుకోవడం మంచిది. దెబ్బ గుర్తు లేకుండానే రాయి తగిలిందని అంటే మాత్రం, బండిని లిఫ్టు మీద ఎక్కించి గుర్తు చూపించమని అడగాలి.

రెండోది ఉప్పు. ఉప్పుగాలి, పరిసరాల ప్రభావం వల్ల వచ్చే తుప్పు వారంటీ కిందికి రాదని చాలా పుస్తకాలు చెబుతాయి. ఇనుప రేకు చాంబరు తుప్పు పట్టి సూది రంధ్రాలు పడితే ఈ వాక్యం చూపిస్తారు. నాలుగు వైపులా సముద్రం ఉన్న దీవిలో బండి అమ్మి, సముద్రపు గాలి తగిలితే బాధ్యత లేదనడం అన్యాయం. ఉప్పు సంగతి అమ్మేవాళ్ళకు అమ్మే రోజే తెలుసు. ఇంజను కింది భాగాన్ని మంచినీళ్ళతో తరచు కడిగించిన బిల్లులు, తుప్పు నిరోధక పూత వేయించిన రసీదు ఉంటే యజమాని శ్రద్ధ తీసుకున్నాడని చూపించవచ్చు.

మాటలతో తేలకపోతే చట్టం ఉంది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దూరంగా ఉన్నవాళ్ళకు మేలు చేసే మార్పు ఒకటి తెచ్చింది. కంపెనీ ఉన్న చోటే కాదు, ఫిర్యాదుదారు నివసించే చోటో, పని చేసుకునే చోటో పరిధి ఉన్న జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల దాకా ఉంటే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల దాకా రుసుము లేదు, 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు. కారణం పుట్టిన రెండేళ్ళలోగా వేయాలి. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. 2025 జనవరి 1 నుంచి అందుకు ఇ-జాగృతి పోర్టల్ ఉంది. వీడియో ద్వారా విచారణ కోరే వీలు కూడా చట్టంలోనే ఉంది. ఫెర్రీ, కాన్వాయ్ దాటి ప్రతి వాయిదాకూ పరుగెత్తాల్సిన పని లేకుండా ఉండాలంటే ఆ కోరిక దరఖాస్తులో స్పష్టంగా రాయాలి.

బండి బాడుగకు తిప్పుతున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కావు అని జీపు డ్రైవర్లను బెదిరించడం మామూలే. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సందేహం తీర్చింది. స్వయంగా నడుపుకుని బతుకుతెరువు కోసం టాక్సీయో, ఆటోయో, లారీయో కొనుక్కున్నవాడు వినియోగదారుడే. ఇప్పటి చట్టంలోనూ స్వయం ఉపాధికి ఆ మినహాయింపు ఉంది. పడవకు ఇంజను కొనుక్కుని తానే వేటకు వెళ్ళే మత్స్యకారుడికీ ఇదే వర్తిస్తుంది.

కోర్టు నుంచి ఏమి ఆశించాలో కూడా తెలిసి ఉండాలి. ఆయిల్ సీలు కారితే కొత్త కారు ఇవ్వరు. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో, వారంటీ అంటే చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో గానీ బండి మొత్తాన్ని మార్చడం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. తయారీలోనే లోపం ఉందని నిపుణుడు తేలిస్తే సంగతి వేరు. 2010లో అనంతరాం, ఫియట్ ఇండియా కేసులో స్వతంత్ర నిపుణుడి చేత పరీక్ష చేయించి, తయారీ లోపమని తేలితే కారు ధర వడ్డీతో తిరిగి ఇవ్వాలని సుప్రీంకోర్టు అంది. కాబట్టి ఒకే చోట ఆయిల్ పదే పదే కారుతుంటే ప్రతిసారీ జాబ్ కార్డు దాచాలి. సీలు మార్చినా మళ్ళీ కారుతోందని ఆ కార్డులే నిపుణుడికి చెబుతాయి.

నిజానికి ఇంతదూరం రావాల్సిన అవసరమే ఉండకూడదు. జిల్లా కేంద్రంలో బండ్లు అమ్ముడుపోతున్నాయని తెలిసిన కంపెనీ, నెలకు ఒకటి రెండు రోజులైనా ఒక మెకానిక్కునూ, పనిముట్ల పెట్టెనూ మాయాబందరుకు పంపగలదు. ప్యాకింగు, డ్రెయిన్ బోల్టు వాషరు, ప్రెషర్ స్విచ్చి లాంటి చిన్న పనులు అక్కడే అయిపోతాయి. సీలు మార్చడానికి గేరు పెట్టె దించాల్సిన బండినే రాజధానికి రమ్మనవచ్చు, అది కూడా విడిభాగం చేతికి వచ్చాక. అదే జిల్లాలోని డిగ్లీపూరు, రంగత్ వాళ్ళకూ అదే మేలు. ధరలో వారంటీ ఖర్చు కలిపే అమ్ముతున్నారు కాబట్టి, అది కొన్నవాడి గుమ్మం దాకా రావాలని కోరడం దయ అడగడం కాదు.

మాయాబందరులో ఈ ప్రసంగం వింటున్న వాహన యజమానులకు మనవి. ఇవాళ ఇంటికి వెళ్ళి వారంటీ పుస్తకం తీసి, గడువు తేదీ, కిలోమీటర్ల పరిమితి ఎంతో చూడండి. గడువు దగ్గరపడితే ముగియకముందే ఒకసారి బండి కింద పూర్తిగా చూపించి జాబ్ కార్డు తీసుకోండి. రాజధాని ప్రయాణం పెట్టుకోకముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ ఫిర్యాదు తెలుగులో చెప్పవచ్చు.